లడ్డూ మీదుగా అమెరికాకు

చిత్తూరు నుంచి చెన్నై విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల పైచిలుకు. కారుకు 4,500 రూపాయలు తీసుకున్నారు. రాణిపేట దాటేదాకా హాయిగానే సాగింది కానీ, శ్రీపెరుంబుదూరు దగ్గర లారీల వెనక గంటన్నర నిలిచిపోయాం. రేణిగుంటలో 2015లో కొత్త టెర్మినల్ కట్టారు, తర్వాత అంతర్జాతీయ హోదా కూడా ఇచ్చారు. అయినా పిల్లల్ని చూడటానికి విదేశాలకు బయలుదేరే మా వైపు పెద్దవాళ్లలో చాలామందికి ఇప్పటికీ ఈ రోడ్డే దిక్కు. అమ్మాయిని చూడబోతున్నానన్న సంతోషం సగం ఆ లారీల మధ్యే ఆవిరైపోయింది.

చెన్నై నుంచి దుబాయ్ నాలుగు గంటలు. ఆ రాత్రి గురించి చెప్పడానికి ఏమీ లేదు. పొద్దున్నే శాన్‌ఫ్రాన్సిస్కో విమానం ఎక్కాను. 13,000 కిలోమీటర్లు, దాదాపు 16 గంటలు. టికెట్టు మీద మాత్రం పొద్దున బయలుదేరి అదే రోజు మధ్యాహ్నం దిగుతామని ఉంది. వేసవిలో ఆ రెండు ఊళ్ల గడియారాలకు 11 గంటల తేడా ఉంటుంది మరి.

పక్క సీటులో చంద్రగిరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. కొడుకు దగ్గరికి తొలిసారి వెళ్తున్నారు. ముందున్న తెరలో విమానం బొమ్మను చాలాసేపు చూసి, నా వైపు తిరిగారు.

“అన్నా, అమెరికా పడమర కదా? ఇది ఉత్తరానికి పోతున్నదేమిటి? దారి తప్పలేదు కదా?”

ముప్పై ఏళ్లు బడిలో భూగోళం చెప్పినవాణ్ణి. గోడమీద పటాన్ని చూపిస్తూనే అన్నేళ్లూ గడిపాను. ఈ ప్రశ్న ఏ పిల్లవాడూ అడగలేదు, అడిగేలా నేనూ చెప్పలేదు. ఆ బాధ అక్కడ, ఆకాశంలో, గట్టిగా తగిలింది.

“అక్కా, భూమి గుండ్రం కదా...” అని మొదలుపెట్టి, చూపించడానికి ఏమీ లేక ఆగిపోయాను. ఆవిడ సంచిలోంచి తిరుమల లడ్డూ తీశారు.

“ప్రసాదం అక్కా, దీనితోనా?”

“స్వామి ప్రసాదం చేతిలో పెట్టుకుని మంచి విషయం తెలుసుకుంటే తప్పేముంది?”

కళ్లకు అద్దుకుని లడ్డూ అందుకున్నాను. నడుముకు కాస్త పైన, ఒక పక్క జీడిపప్పు దుబాయ్. అలాగే పైన, సరిగ్గా అవతలి పక్క ఎండుద్రాక్ష శాన్‌ఫ్రాన్సిస్కో. రెండూ దాదాపు ఎదురెదురు రేఖాంశాల మీదే ఉన్నాయి. ఆవిడ జడలోని మల్లెదండ నుంచి దారం పీకి ఇచ్చారు. రెంటినీ కలుపుతూ పక్కగా చుట్టూ తిప్పితే చాలా దారం పట్టింది. బిగించి లాగితే జారుకుంటూ నెత్తి మీదికి ఎక్కి, పొట్టిదైపోయింది. నేరుగా పడమరకు పోతే దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు ఎక్కువవుతుందని అప్పుడు చెప్పాను.

“అంటే ఇప్పుడు మనం దీని నెత్తిమీదికి పోతున్నామా?”

“అవునక్కా, ఉత్తర ధ్రువం వైపు.”

ఆవిడ కిటికీ తెర కొంచెం ఎత్తారు. కింద అంతా తెలుపు. మంచో మబ్బో తేల్చుకోలేకపోయాం. చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

తర్వాత దారం తీసేసి లడ్డూ రెండుగా విరిచారు. ఎండుద్రాక్ష ఉన్న ముక్క నా చేతిలో పెట్టి, “ముందు మీ అమ్మాయి ఊరు తినండి” అన్నారు. తెరమీద ఇంకా తొమ్మిది గంటలు చూపిస్తోంది.