సండే స్కూల్ చీటీ ఇంటిదాకా రావాలంటే

చంటిబిడ్డకు బాప్తిస్మమిచ్చే సంఘాల్లోనూ, బిడ్డను దేవునికి అప్పగించే ప్రతిష్ఠ ప్రార్థనతో సరిపెట్టే సంఘాల్లోనూ ఆ రోజు బిడ్డను విశ్వాసంలో పెంచుతామని మాటిచ్చేది తల్లిదండ్రులొక్కరే కాదు, సంఘం కూడా. ఎనిమిదేళ్లు తిరిగేసరికి అమ్మానాన్నలు ‘సండే స్కూల్‌కి పంపుతున్నాం కదా’ అంటారు, టీచర్లు ‘ఇంట్లో ప్రార్థనే లేదు’ అంటారు. రెండూ నిజమే. బైబిల్లో ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం పిల్లలకు దేవుని మాటలు నేర్పే పనిని ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు చేయమంది. తన శిష్యుడు తిమోతికి ఉన్న విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉందని పౌలు రాశాడు. ఆదివారం ముప్పావు గంట దీనికి తోడు మాత్రమే. టీచరు ఏం చెప్పిందో ఇంట్లోవాళ్లకు తెలిస్తేనే ఆ తోడు పనికొస్తుంది.

అందుకే చీటీ. పావు ఠావు కాగితం చాలు. కథ బైబిల్లో ఎక్కడుందో, కంఠత వాక్యం, ఇంట్లో అడగాల్సిన ప్రశ్న ఒకటి. అంతకు మించి రాస్తే ఎవరూ చదవరు. ప్రశ్న ‘దావీదు ఎన్ని రాళ్లు ఏరుకున్నాడు?’ లాంటిది కాకూడదు. ‘దావీదు స్థానంలో నువ్వుంటే దేనికి భయపడేవాడివి?’ అని ఉండాలి. మొదటిదానికి ‘అయిదు’ అని చెప్పేసి పిల్లవాడు టీవీ ముందుకు పోతాడు. చీటీలు బ్యాగులోనే నలిగిపోతాయి కాబట్టి ఆ మధ్యాహ్నమే ఫోటో తీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఆ గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మలు మొదలయ్యాయంటే చీటీని ఎవరూ చూడరు. టీచర్లు మాత్రమే పోస్ట్ చేసేలా సెట్టింగ్ మార్చండి.

చిత్తూరు వైపు ఇంకో చిక్కుంది. కొన్ని ఇళ్లల్లో మాట అరవం, గుడిలో ఆరాధన తెలుగు, బడిలో చదువు ఇంగ్లీషు. పిల్లలు వాక్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని వల్లిస్తారు. పోటీలో బహుమతి వస్తుంది, నెల తిరిగేసరికి మరిచిపోతారు. ముందు కథను ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పి, తర్వాతే బైబిల్ తెరవాలి. 23వ కీర్తనలో ఆరే వచనాలు. వారానికొకటి చొప్పున ఆరు వారాలు తీసుకున్నా నష్టం లేదు. వేగంగా అప్పజెప్పినవాడికే బహుమతి ఇచ్చే పద్ధతి మాకు నచ్చదు. చదవడం రాని పిల్ల ఆ పోటీలో నేర్చుకునేది సిగ్గుపడటమే.

కుటుంబ ప్రార్థన పది నిమిషాలు దాటకూడదు. భోజనానికి ముందే పెట్టండి, తిన్నాక చిన్నవాళ్లు జోగుతారు. పాట రెండు చరణాలు, పది వచనాలు, చీటీలోని ప్రశ్న, ఆ తర్వాత పిల్లలచేత ఒక్క వాక్యం ప్రార్థన. మార్కు సువార్తలో 678 వచనాలున్నాయి, రోజుకు పది చదివితే రెండు నెలలు దాటి కొన్ని రోజుల్లో అయిపోతుంది. ఇది చెడేది ఎక్కువగా పెద్దల వల్లే. ‘ప్రభువా, వీడికి చదువు మీద బుద్ధి పుట్టించు’ అని ప్రార్థనలో తిట్టు కలిపితే పిల్లవాడు మర్నాటి నుంచి కడుపునొప్పి అంటాడు.

తిరుపతిలో పెరిగే పిల్లలకు వచ్చే ప్రశ్నలు వేరు. పక్క బెంచీ స్నేహితుడు లడ్డూ ప్రసాదం ఇస్తే ఏం చేయాలి? మే నెల గంగమ్మ జాతరలో వీధంతా వేషాలు కడితే చూడొచ్చా? విగ్రహాలకు అర్పించిన ఆహారం గురించి చెప్పే 1 కొరింథీయులకు 8, 10 అధ్యాయాలను సంఘాలు ఒకేలా చదవవు. మీ సంఘం ఎలా చదివినా టీచరు ఒకటి, అమ్మ ఒకటి చెప్పకూడదు. పాస్టర్‌గారు తల్లిదండ్రులతో విడిగా కూర్చుని ఈ రెండూ ముందే మాట్లాడాలి. ఏ జవాబిచ్చినా స్నేహితుడి భక్తిని ఎగతాళి చేసే మాట మాత్రం ఇంట్లో రాకూడదు.

వేసవిలో వి.బి.ఎస్. (పిల్లలకు సెలవుల్లో పెట్టే బైబిల్ తరగతులు) పెడితే ఉదయం ఎనిమిదికి మొదలెట్టి పదకొండుకల్లా ముగించండి, మే ఎండకు అంతకు మించి పనికిరాదు. ఇరుగుపొరుగు హిందూ, ముస్లిం పిల్లలు వస్తే తల్లిదండ్రుల సంతకం ముందే తీసుకోవాలి. ఏ గదిలోనైనా ఇద్దరు పెద్దలుండాలి, తలుపు తెరిచే ఉండాలి. ఏదైనా జరిగితే ‘సంఘం పరువు’ అని కప్పిపెట్టడం కుదరదు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.

అసలు జారిపోయేది పదో తరగతి తర్వాత. ఇంటర్ హాస్టల్లో ఆదివారం పరీక్ష పెడతారు, ఫోన్ ఉండదు, రెండేళ్లు గుడి మొహం చూడరు. ఫీజు కట్టకముందే ఆదివారం బయటికి పంపుతారా, ఎన్ని గంటలు పంపుతారు అని కాలేజీలో అడగండి. ఆ ఊళ్లో దగ్గరి సంఘం పాస్టర్‌గారికి మీ పాస్టర్‌గారు ముందే ఫోన్ చేసి పేరు చెప్పాలి. బయటికి పంపని హాస్టలైతే సందర్శన రోజున వెళ్లే నాన్నతో పాటు సండే స్కూల్ టీచరు కూడా వెళ్లొచ్చు, పులిహోర డబ్బాతో.