యాదృచ్ఛిక సంఖ్యలలోనూ కారకాలు కనిపిస్తాయి

సామాజిక శాస్త్ర పరిశోధన కోసం బహుచర గణాంక పద్ధతులు నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు నాకు అడ్డుపడేది గణితమేనని అనుకున్నాను. తీరా చూస్తే లెక్కలన్నీ సాఫ్ట్‌వేర్ క్షణాల్లో ముగించేది. అది చూపిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడానికే నాకు నెలలు పట్టింది.

సంస్థలపై విశ్వాసాన్ని కొలిచే 20 ప్రశ్నల ప్రశ్నావళికి వచ్చిన జవాబులపై కారక విశ్లేషణ (కలిసి మారే జవాబుల వెనుక ఉమ్మడిగా ఉన్న కొద్దిపాటి అంశాలను, అంటే కారకాలను, వెతికే పద్ధతి) జరిపితే ఆరు కారకాలు వచ్చాయి. ఐగెన్ విలువ (జవాబులలోని వైవిధ్యాన్ని ఒక కారకం ఎంత వివరిస్తుందో చెప్పే సంఖ్య) 1 దాటిన ప్రతి కారకాన్నీ ఉంచుకోవాలనే కైజర్ నియమాన్ని, నేను అడగకుండానే, సాఫ్ట్‌వేర్ పాటించింది. నేను ఆరింటికీ శ్రద్ధగా పేర్లు పెట్టాను. ఒకసారి పేరు పెట్టాక, అది అసలు లేనేలేదని ఒప్పుకోవడానికి మనసు రాదు.

అనుమానం తీరక, 20 చరరాశులనూ 100 మంది జవాబుల స్థానంలో ఉత్త యాదృచ్ఛిక సంఖ్యలతో నింపి అదే విశ్లేషణ చేశాను. అక్కడ ఒక్క కారకం కూడా ఉండకూడదు; అయినా తొమ్మిది ఐగెన్ విలువలు 1 దాటాయి. కాగితంపై రాసుకుంటే కారణం సులభంగానే అర్థమైంది. సహసంబంధ మాత్రిక (ప్రతి రెండు చరరాశులూ ఎంతగా కలిసి మారుతాయో చూపే పట్టిక) వికర్ణంలో అన్నీ 1లే కనుక ఐగెన్ విలువల మొత్తం ఎప్పుడూ 20, వాటి సగటు 1. నమూనాలో సహసంబంధాలు కచ్చితంగా సున్నా కావు కాబట్టి, కొన్ని విలువలు సగటు కంటే తగ్గినప్పుడు మరికొన్ని దానిని దాటక తప్పదు.

1965లో హార్న్ ప్రతిపాదించిన సమాంతర విశ్లేషణ ఈ చిక్కునే పరిష్కరిస్తుంది. మన దత్తాంశమంతే పరిమాణంలో యాదృచ్ఛిక పట్టికలను వందల సంఖ్యలో తయారుచేసి, మన మొదటి ఐగెన్ విలువను వాటి మొదటి విలువల సగటుతో, రెండవదానిని రెండవ విలువల సగటుతో పోలుస్తూ, మనది పైచేయిగా ఉన్నంతవరకే కారకాలను ఉంచుకోవాలి. సగటుకు బదులు 95వ శతాంశంతో (నూటికి 95 యాదృచ్ఛిక విలువలు దిగువనే ఉండే హద్దుతో) పోల్చడం మరింత జాగ్రత్తైన పద్ధతి.

నా ఆరింటిలో మూడే నిలిచాయి. వాటిలో మూడవదానికి ‘నిర్లిప్తత’ అని పేరు పెట్టుకుని, దానిపై ఒక అధ్యాయమే రాయాలనుకున్నాను. అయితే దానిపై బలమైన లోడింగులు (ప్రశ్నకూ కారకానికీ ఉన్న బంధాన్ని కొలిచే సంఖ్యలు) ఉన్న ఐదు ప్రశ్నలను వరుసగా చదివితే వాటి విషయాలకు పొంతన లేదు; ఐదూ వ్యతిరేకార్థక వాక్యాలు కావడం ఒక్కటే వాటికి ఉమ్మడి లక్షణం. సమాంతర విశ్లేషణ దానిని ఉంచడంలో తప్పేమీ లేదు, ఎందుకంటే ఆ సహసంబంధం యాదృచ్ఛికం కాదు. కాకపోతే అది పుట్టింది జవాబిచ్చినవారి వైఖరి నుంచి కాక, ప్రశ్న అడిగిన తీరు నుంచి కావచ్చు. ప్రస్తుతం నిర్ధారణాత్మక కారక విశ్లేషణలో (ఏ ప్రశ్న ఏ కారకానిదో ముందే నిర్దేశించి పరీక్షించే పద్ధతిలో) ఆ ఐదింటినీ వాటి అసలు కారకాల కిందికే చేర్చి, వాక్య నిర్మాణానికి ఒక పద్ధతి కారకాన్ని విడిగా ఇచ్చి, ఈ మోడల్ నా దత్తాంశానికి ఎంతవరకు సరిపోతుందో చూస్తున్నాను.