అలెగ్జాండ్రా ప్యాలెస్ గుట్ట మీద

లండన్ అంటే అందరూ బిగ్ బెన్, టవర్ బ్రిడ్జ్ అంటారు, నాకు మాత్రం ఎప్పట్నుంచో అలెగ్జాండ్రా ప్యాలెస్ చూడాలని ఉండేది, ఎందుకంటే 1936 నవంబర్ 2న బీబీసీ రెగ్యులర్ టీవీ ప్రసారాలు మొదలైంది అక్కణ్నుంచే. మా బావ ఉండేది హౌన్‌స్లోలో, అక్కడ పికడిలీ లైన్ మెట్రో ఎక్కితే నేరుగా వుడ్ గ్రీన్ స్టేషన్, తర్వాత డబ్ల్యూ3 బస్సు గుట్ట ఎక్కించి ప్యాలెస్ దగ్గరే దింపేస్తుంది.

ఇటుకల టవర్ మీద టీవీ సిగ్నల్ పంపిన ఆ పాత మాస్ట్ (ఎత్తైన ఇనుప స్తంభం) ఇంకా అలాగే ఉంది, కింద గోడకి గుండ్రటి నీలం ఫలకం. వెనక్కి తిరిగితే లండన్ మొత్తం కనబడుతుంది, సిగ్నల్ దూరం పోవాలంటే ఎత్తు కావాలి కదా, ఈ గుట్టనే ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు.

అప్పట్లో ప్రోగ్రాం మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు, రాత్రి తొమ్మిది నుంచి పది, అంతే, ఆదివారం సెలవు. మొదటి రోజు రాత్రి పిక్చర్ పేజ్ అనే ప్రోగ్రాం వచ్చింది, నాకు బాగా ఇష్టమైన విషయం ఇదే, జోన్ మిల్లర్ అనే నటి టెలిఫోన్ ఆపరేటర్‌లా స్విచ్‌బోర్డ్ ముందు కూర్చుని, చూసేవాళ్లకి లైన్ కలుపుతున్నట్టు ఒక్కో అతిథినీ పరిచయం చేసేది. అప్పుడు టీవీ సెట్ ఖరీదు దాదాపు వంద గినీలు, ఆ డబ్బుకి చిన్న ఫోర్డ్ కారు వచ్చేది, అంటే చూసింది ఎంత తక్కువమందో అనుకోండి. అయినా అంత శ్రద్ధగా చేశారు!

ఇంకోటి, అప్పుడు రెండు టీవీ సిస్టమ్‌లు పోటీ, టీవీ కనిపెట్టినవాళ్లలో ఒకడైన జాన్ లోగీ బెయిర్డ్‌ది 240 లైన్లు, మార్కోని-ఈఎంఐ కంపెనీది 405 (బొమ్మని ఎన్ని అడ్డగీతలుగా విడగొడితే అంత స్పష్టం), ఒక వారం వీళ్లు ఒక వారం వాళ్లు, ప్రారంభోత్సవం కూడా రెండుసార్లు చేయాల్సొచ్చింది. బెయిర్డ్ పద్ధతిలో ముందు ఫిల్మ్ మీద తీసి, అక్కడికక్కడే కడిగి, ఆరకముందే స్కాన్ చేసి పంపేవాళ్లు, బొమ్మ దాదాపు నిమిషం ఆలస్యంగా వెళ్లేది, కెమెరా కదిలేది కాదు. ఇది చెప్తే బావ “తడి ఫిల్మే నేరుగానా?” అని రెండుసార్లు అడిగాడు. మార్కోని-ఈఎంఐ వాళ్ల ఎమిట్రాన్ అనే ఎలక్ట్రానిక్ కెమెరాకి ఈ కడగడాలేం లేవు, 1937 ఫిబ్రవరికల్లా బెయిర్డ్ సిస్టమ్ తీసేశారు, 405 లైన్లు మాత్రం 1985 దాకా నడిచాయి. నాకు బెయిర్డ్ మీద జాలేసింది గానీ నిర్ణయం మాత్రం కరెక్టే.

లైవ్ ప్రోగ్రాం రికార్డ్ చేసే వీల్లేదు అప్పుడు, కాబట్టి ఆ రాత్రి జోన్ మిల్లర్‌ని మనం చూడలేం, అది తలుచుకుంటే నిజంగా బాధేస్తుంది.

మేం వెళ్లిన రోజు స్టూడియోల్లోకి వెళ్లే వీల్లేదు, బయట్నుంచే చూసొచ్చాం. అప్పుడప్పుడూ టూర్లు పెడతారట, వెళ్లేవాళ్లు ముందే కనుక్కుని వెళ్లండి, అక్కడి ‘స్టూడియో A’ లోపల ఎలా ఉందో నాక్కూడా చెప్పండి.