కారు నేర్చుకునే చిట్టా: మాస్టారి పాదాలు ఎక్కడున్నాయి?

డ్రైవింగ్ స్కూలు కారులో పెడళ్లు ఐదు. నేర్చుకునేవారి వైపు మూడు, మాస్టారి వైపు రెండు: క్లచ్, బ్రేకు. మొదటి వారంలోనే కారు సాఫీగా కదులుతోందంటే చాలాసార్లు అది మాస్టారి ఎడమ కాలి పుణ్యమే. అందుకని ఈ చిట్టాలో ఏ పాఠం పక్కనైనా ‘వచ్చింది’ అని రాయడానికి ఒకటే పరీక్ష. మాస్టారు రెండు పాదాలూ వెనక్కి లాక్కుని కూర్చున్నప్పుడు కూడా అది కుదరాలి. ఖాళీ రోడ్డు చూసుకుని మొహమాటం లేకుండా అడగడమే: "మాస్టారూ, కాళ్లు తీసేయండి, ఇంజిన్ ఆగిపోతే ఆగిపోనివ్వండి."

కాగితాలు, నిమిషాలు

ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవారి లైసెన్సు, చేతికి రాకుండా స్టీరింగు పట్టకూడదు. 18 ఏళ్లు నిండి ఉండాలి. లైసెన్సుల ప్రభుత్వ వెబ్‌సైటు సారథి పోర్టల్‌లో దరఖాస్తు చేసుకుని పరీక్ష రాయాలి, 60 శాతం జవాబులు సరిగ్గా ఉంటే చాలు. రోడ్డు గుర్తులు ఒక సాయంత్రం కూర్చుని చూసుకుంటే సరిపోతుంది. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు నిండాకే అసలు లైసెన్సు పరీక్ష. కారుకు ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్ర ‘ఎల్’ ఉందో లేదో ఎక్కేముందు చూసుకోవాలి.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం సొంత కార్ల తరగతికి శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు, నడిపే సమయం 10 గంటలకు తగ్గకూడదు. భాగిస్తే రోజుకు దాదాపు 29 నిమిషాలు. ఒకే కారులో ముగ్గురిని ఎక్కించుకుని తిప్పితే, వెనక సీట్లో కూర్చుని చూసిన సమయం ఈ లెక్కలోకి రాదు. స్టీరింగు ముందు గడిపిన నిమిషాలు మాత్రమే ఫోనులో రోజూ రాసుకోవాలి.

మొదటి వారం: ఎడమ కాలు

ముందు సీటు సంగతి. క్లచ్ నేలదాకా తొక్కినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. భుజాలు సీటుకు ఆనించి చేతులు చాపితే మణికట్లు స్టీరింగు పైఅంచు మీద పడాలి. పక్క అద్దాల్లో సొంత కారు సన్నటి అంచు మాత్రమే కనబడాలి, మిగతాదంతా రోడ్డే. మీకంటే ముందు నడిపినవారి ఎత్తు వేరు కాబట్టి ఇది రోజూ సర్దుకోవాల్సిన పనే. హవాయి చెప్పులు వద్దు, ఊడి బ్రేకు పెడల్ కింద ఇరుక్కుంటాయి. పలచటి అట్ట ఉన్న బూట్లు మంచివి.

క్లచ్ పాఠానికి మా శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్ల వైపు ఖాళీ లేఅవుట్ రోడ్లు పొద్దున్నపూట బాగుంటాయి. చదునైన చోట ఆపి, క్లచ్ పూర్తిగా తొక్కి, మొదటి గేరు వేసి, హ్యాండ్ బ్రేకు దించాలి. యాక్సిలరేటరు జోలికి పోకూడదు. మడమ నేలకు ఆనించి క్లచ్‌ను కొద్దికొద్దిగా వదులుతూ పోతే ఒకచోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, కారు ముందుభాగం సన్నగా అదురుతుంది. పాదం అక్కడే ఆపాలి. కారు దానంతటదే కదులుతుంది, మనిషి నడిచే వేగంతో పోతుంది. మళ్లీ క్లచ్ తొక్కి బ్రేకు వేయాలి. కనీసం రెండు రోజులు ఇదొక్కటే చేసినా దండగ కాదు. జంక్షన్లో ఇరుక్కున్నప్పుడు, రివర్సులో, పరీక్షలో కావాల్సింది ఈ వేగమే. మూడో రోజే నాలుగో గేరులో తిప్పి మురిపించే మాస్టారి దగ్గర ఇది రాదు.

ఇంజిన్ ఆగిపోతే ఎందుకాగిందో కారే చెబుతుంది. ముందుకు ఒక్క కుదుపు వేసి ఆగితే క్లచ్ గబుక్కున వదిలినట్టు. ఒళ్లంతా వణుకుతూ కదలబోయి ఆగితే మొదటి గేరు అనుకుని మూడోది వేసినట్టు. వెనకభాగం కిందికి కుంగి, కదలకుండా ఆగితే హ్యాండ్ బ్రేకు మీదే ఉన్నట్టు. మూడింటికీ మందు ఒకటే: క్లచ్, బ్రేకు రెండూ తొక్కి, గేరు చూసుకుని, తాళం తిప్పడం. వెనకవాళ్లు హారన్లు కొడతారు, కొట్టనివ్వండి. "గబాల్న వదిలీకండి బాబూ" అని మాస్టారు అరిచేలోపే రెండోసారి కూడా ఆగిపోయేది ఆ కంగారువల్లే.

కారు కదిలాక ఎడమ పాదాన్ని పెడల్ మీద ఉంచే అలవాటు మొదట్లోనే మానాలి. కొద్దిపాటి బరువు పడినా క్లచ్ ప్లేటు జారుతూ వేడెక్కుతుంది, రిలీజ్ బేరింగు అరుగుతుంది. కాలిన వాసన వస్తే ప్లేటు నష్టపోతున్నట్టే.

గేర్లకు మాస్టారు లెక్క చెప్పకపోతే ఇవి పెట్టుకోవచ్చు: రెండోది 10-15 కిలోమీటర్ల వేగం దగ్గర, మూడోది 25-30, నాలుగోది 40, ఐదోది 50 దాటాక. నాలుగైదు రోజులకు మీటరు చూడకుండా చెవితోనే వేయగలగాలి. తగ్గించేటప్పుడు ముందు బ్రేకు, తర్వాత గేరు.

రెండో వారం: ఎడమ పక్క ఎంత చోటుంది

కుడి సీట్లో కూర్చున్నవారికి ఎడమ చక్రం ఎక్కడుందో తెలియదు. అందుకే అందరూ కారును రోడ్డు మధ్యకు లాగుతారు, ఎదుటివాడు హారన్ కొట్టాక ఎడమకు కోస్తారు. దీనికో ఉపాయం ఉంది. ఎడమ చక్రాలు రోడ్డు అంచు తెల్లగీత మీద పడేలా మాస్టారి చేత కారు ఆపించాలి. మన సీట్లో కూర్చుని, ఆ గీత ముందు అద్దం కింది అంచును ఎక్కడ తాకుతోందో చూసి, అక్కడ చిన్న స్టిక్కరు అంటించాలి. గుంత ఆ స్టిక్కరు గీటులో పడితే చక్రం దిగుతుంది, పక్కకు ఉంటే దిగదు. సీటు జరిగితే స్టిక్కరు కూడా మారాలి.

పట్నంలోకి 80 అడుగుల రోడ్డుతో మొదలుపెట్టి, పాలకొండ రోడ్డు, ఆ తర్వాత డే అండ్ నైట్ జంక్షన్. ఏడు రోడ్ల కూడలి అన్నిటికంటే చివర, అదీ పొద్దున్నే. షేరాటోకు ఇండికేటరు లేదనుకునే నడపాలి. అది ఆగబోతోందని చెప్పేది రోడ్డు పక్కన చెయ్యెత్తిన మనిషి. ఆ చెయ్యి కనబడగానే కుడికాలు బ్రేకు మీదకు రావాలి. రథసప్తమి రోజుల్లో అరసవల్లి వైపు పాఠం పెట్టుకోవడం అనవసరం.

పల్లె రోడ్లలో కోతల కాలంలో ధాన్యం, మొక్కజొన్న ఆరబోస్తారు. గింజల మీద టైరు పట్టు వదిలేస్తుంది, అక్కడ బ్రేకు వేస్తే స్టీరింగు తిప్పినా కారు తిన్నగానే జారిపోతుంది. రాశి చుట్టూ పెట్టిన రాళ్లు సాయంత్రం కనబడవు. ఎండుగడ్డి కుప్ప మీద నుంచి అసలు పోకూడదు. గడ్డి వేడి సైలెన్సరు గొట్టానికి చుట్టుకుంటే అంటుకుంటుంది.

మూడో వారం: వాలు, రివర్సు, ‘హెచ్’

వాలు పాఠానికి నాగావళి వంతెనల దగ్గర ఆపడం వద్దు, వెనక బస్సులుంటాయి. రద్దీ లేని ఎత్తు ఏదైనా సరే. హ్యాండ్ బ్రేకు లాగి, మొదటి గేరులో క్లచ్‌ను ఆ బరువెక్కే చోటుదాకా వదిలి, యాక్సిలరేటరు కొద్దిగా ఇచ్చి, కారు ముందుకు లాగుతున్నట్టు తెలిశాక హ్యాండ్ బ్రేకు దించాలి. వెనక్కి జారితే క్లచ్ చోటు అందకముందే బ్రేకు దించినట్టు. మాస్టారు పాదాలు తీస్తే ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే.

రివర్సులో కారు తోక ఎటు పోవాలో స్టీరింగు అటే. ‘హెచ్’ అంటే పరీక్షలో కర్రల మధ్య ఆ అక్షరం ఆకారంలో కారు తిప్పడం. ఆ మలుపులో వెనక చక్రం మూల కర్రకు సమానంగా వచ్చాక తిప్పడం మొదలుపెట్టాలి. ముందే తిప్పితే వెనక తలుపు కర్రకు తగులుతుంది. వెనక్కే చూస్తూ ఉంటే ముందు బంపరు రెండోవైపు కర్రను కొడుతుంది, ఎందుకంటే తోక తిరిగినప్పుడు ముక్కు ఎదురు దిక్కుకు పోతుంది. తిప్పినన్ని చుట్లే వెనక్కి తిప్పితే చక్రాలు తిన్నగా వస్తాయి, చుట్లు లెక్కపెట్టుకోవడంలో నామోషీ లేదు. మొత్తం క్లచ్ మీదే, యాక్సిలరేటరు ముట్టకుండా.

లైసెన్సు పరీక్ష పెట్టే బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు పోయేవి ఎక్కువగా చిన్నవే: బెల్టు పెట్టకుండా కదలడం, ఇండికేటరు వేయకపోవడం, హ్యాండ్ బ్రేకు మరవడం. తప్పితే 7 రోజుల తర్వాత మళ్లీ రావచ్చు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి.

హైవే

సింహద్వారం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కే పాఠం మాస్టారు పక్కనుండగానే అవ్వాలి. కుడి ఇండికేటరు, అద్దం, తల తిప్పి కుడిభుజం మీదుగా ఒక చూపు. సర్వీసు రోడ్డు మీదే మూడో గేరులో వేగం పెంచుకుని, నాలుగోదిలో 60 దగ్గర కలవాలి. 30 వేగంతో కలిసేవారే వెనకవాళ్ల చేత బ్రేకులు వేయిస్తారు. టెక్కలి వైపు నుంచి గ్రానైట్ దిమ్మలు మోసే లారీల ముందుకు దూరి బ్రేకు వేయకూడదు. ఆ బరువుతో అవి ఆగాలంటే చాలా దూరం పడుతుంది. లారీ పక్క అద్దంలో డ్రైవరు మొహం మనకు కనబడకపోతే మనం అతనికి కనబడనట్టే. సర్వీసు రోడ్డులో ఎదురుగా వచ్చే బైకులు ఉంటాయి, ఎడమకు తిరిగేటప్పుడు అటు కూడా చూడాలి.

చిట్టాలో ఇప్పటికి మాస్టారి పాదాలు వెనక్కి ఉండగా వచ్చినవి: క్లచ్, గేర్లు, ఎడమ అంచనా, వాలు, హైవే ఎక్కడం. ‘హెచ్’లో ఎడమ మలుపు ఇంకా సగమే. అసలు మొదలుకానివి: రెండు కార్ల మధ్య పక్కగా పార్కు చేయడం, ఎదురు దీపాల్లో రాత్రి నడపడం, వానలో వైపరు వేసుకుని నడపడం. ఈ మూడింటికీ మరో నాలుగైదు పాఠాలు విడిగా మాట్లాడుకోవాలి.