నా చేతి కింద

కపెర్నహూములో శతాధిపతి యేసుతో అన్న మాట చిన్నప్పటి నుంచీ వింటున్నదే. "నేను కూడ అధికారమునకు లోబడినవాడను, నా చేతిక్రింద సైనికులున్నారు" (మత్తయి 8:9). సండే స్కూల్లో ఈ కథను విశ్వాసానికి ఉదాహరణగానే చెప్పేవారు. అది నిజమే. మాట మాత్రం సెలవిస్తే నా దాసుడు బాగవుతాడన్న ఆ రోమా అధికారిని చూసి, ఇశ్రాయేలులో కూడా ఇంత విశ్వాసం చూడలేదని ప్రభువే ఆశ్చర్యపోయాడు. అయితే ఇప్పుడు నన్ను వదలనిది ఆ మాటల వరస. తాను లోబడినవాడినని ముందు చెప్పుకున్నాడు. తన చేతి కింద ఉన్నవాళ్ల ఊసు ఆ తర్వాతే ఎత్తాడు.

నేను పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. నా చేతి కింద ఇరవై రెండు మంది ఆడవాళ్లు పిక్కలు కొడతారు. పెంకులోని నూనె తగిలితే చర్మం కాలిపోతుంది, అందుకని చేతులకు బూడిద రాసుకుంటారు. అయినా వేళ్ల సందుల్లో నలుపు దిగిపోతుంది, సబ్బుకు పోదు. సాయంత్రం ఎవరి పప్పు వాళ్లు కాటా మీద పెడతారు. కిలోల లెక్కన కూలి.

కాటా ఏడు కిలోల మూడు వందల నలభై చూపిస్తే నేను ఏడుం మూడు వందలు రాసేవాడిని. పై గ్రాములు వదిలేయడం నాకంటే ముందు నుంచీ ఉన్న అలవాటు. యజమాని అలా రాయమని ఎప్పుడూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. ఆదివారం మాత్రం చేతులెత్తి "సర్వాధికారీ" అని ప్రార్థించేవాడిని.

"దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము" (సామెతలు 11:1). గుండు అంటే పాతకాలపు తూనికరాయి. మా దగ్గర గుండంటే ముక్క కాని నిండు జీడిపప్పు. ఆ వాక్యం చదివిన రాత్రి నిద్ర పట్టలేదు.

దేవుని అధికారం అంటే నేను గాలివానలే అనుకునేవాడిని. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా ఉద్దానం మీద పడి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినప్పుడు, గాలిని సముద్రాన్ని గద్దించినవాడు దీన్ని ఎందుకు పొమ్మనలేదని ఏడ్చాను. ఇప్పటికీ జవాబు దొరకలేదు. కానీ కరెంటు లేని ఆ రోజుల్లో, దీపం చుట్టూ కూర్చుని చేసిన ప్రార్థన ఒకటి గుర్తుంది. మా ఫ్యాక్టరీలో పనిచేసే ఒక పెద్దావిడ, కొబ్బరి చెట్లన్నీ పోయిన మనిషి, ముందుగా వేరే జిల్లాల నుంచి వచ్చి స్తంభాలు ఎత్తుతున్న కరెంటు వాళ్ల కోసం ప్రార్థించింది. తన చెట్ల మాట చివర్లో, అదీ "నీ చిత్తం ప్రభువా" అని మాత్రమే. అధికారానికి లోబడిన మనిషిని నేను అంత దగ్గరగా చూసింది అప్పుడే. మర్నాటి నుంచి ఆవిడ గ్రాములు కూడా కోసిందీ నేనే.

యోహాను 13లో ఒక మాట ఉంది. తండ్రి "తనచేతికి సమస్తము అప్పగించెను" అని ఎరిగిన యేసు ఏం చేశాడు? లేచాడు, తువాలు నడుముకు కట్టుకున్నాడు, పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల పాదాలు కడిగాడు. సమస్తం వచ్చిన చేతులవి. ఆ శతాధిపతి కూడా వచ్చింది తన కోసం కాదు, ఇంట్లో పక్షవాతంతో పడి ఉన్న దాసుడి కోసం. పైనున్న అధికారం కింద నిజంగా తలవంచినవాడి చేతి కింద ఉండటం భయం కాదు, నీడ. నా చేతి కింద అలా లేదు.

సోమవారం పుస్తకం తీసి అందరి ముందూ చెప్పాను. గొంతు పెగల్లేదు. ఆ పెద్దావిడే అంది, "తెలుసు బాబూ. నువ్వు సెప్పాలని సూత్తన్నాం." ఇప్పుడు కాటా అంకె వాళ్లే పైకి చదువుతారు, నేను రాస్తాను. వెనకటి లెక్క కొంచెం ఎక్కువగానే వేసి, నా జీతంలోంచి నెలనెలా ఇస్తున్నాను. ఇద్దరు మాత్రం తిత్లీ తర్వాత కుటుంబాలతో చెన్నై వెళ్లిపోయారు. వాళ్ల ఫోన్ నంబర్ల కోసం ఊళ్లో అడుగుతున్నాను.