అటక మీది తాటాకులు

తంజావూరు వెళ్లింది పెద్ద గుడి కోసం. చూశాను, బాగుంది. కానీ ఇంటికొచ్చాక కూడా నన్ను వదలనిది కుంభకోణం నుంచి వచ్చిన బస్సు, అందులో నా పక్కన కూర్చున్న పెద్దాయన.

అమ్మతో ఫోన్ మాట్లాడి పెట్టేయగానే, "తెలుగా నాయనా?" అన్నారు. తరతరాలుగా వాళ్లది ఆ జిల్లానే. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివిందంతా తమిళం. "మా తాత తాటాకు కట్టలు అటక మీద ఉండె. మాకెవరికీ చదవను రాదు. ఇల్లు పడగొట్టినప్పుడు అవీ పాయె." కాసేపాగి, "ఏముండెనో వాటిలో" అన్నారు. దిగేలోపు ఆ మాట మూడుసార్లు అన్నారు. నాకు గొంతు పట్టేసింది.

తంజావూరు సరస్వతీ మహల్‌కు రమ్మంటే వచ్చారు. నాయక రాజుల నాడు మొదలైన ఈ గ్రంథాలయాన్ని మరాఠా రాజు రెండవ శరభోజి పెంచాడు. ఆ వంశంలోని శహాజీ తమిళ నేల మీద కూర్చుని తెలుగులో యక్షగానాలు రాశాడు! కవయిత్రి ముద్దుపళని అదే వంశపు రాజు ప్రతాపసింహుడి కొలువులో ఉన్నదీ ఈ ఊళ్లోనే. ఆమె శృంగార కావ్యాన్ని గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో రాతప్రతి సంపాదించి మరీ అచ్చువేయించింది. బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించినా అది బతికి బయటపడింది. తమిళ నేల మీద తెలుగు సాహిత్యం వెలిగిన ఆ కాలాన్ని బడిలో మేము 'దక్షిణాంధ్ర యుగం' అని ఒక్క పేరా బట్టీపట్టి వదిలేశాం. ఆ పేరాలో ఇంత ఊరు, ఇంతమంది మనుషులు ఉన్నారని ఎవరూ చెప్పలేదు. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

అద్దం కింద ఒక తెలుగు తాటాకు. గంటంతో గీసి, మసి పూసి తుడిచేస్తే గీతల్లో మాత్రమే నలుపు నిలుస్తుంది. అక్షరాలు ఆవగింజలంత. మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేదు. వలపలగిలక, అదే అక్షరం పక్కన రాసే పాత 'ర్' గుర్తు, వచ్చిన చోటల్లా తడబడ్డాను. వెన్ను, నడుము, మెడ విరిగేలా తలవంచి కష్టపడి రాశాను, జాగ్రత్తగా కాపాడండి అని లేఖకులు గ్రంథం చివర రాసుకునే శ్లోకం గుర్తొచ్చి ఆయనకు చెప్పాను. ఆయన అద్దం మీద నుంచి చెయ్యి తీసేశారు.

కూడబలుక్కుంటూ ఒక్క వరుస చదివాను. నడుమ 'వెన్నెల' అని రాగానే ఆయన తలెత్తారు.

"ఇది మా అమ్మ మాట. అక్కడి నుంచి మళ్లా చదువు నాయనా."