వదులైన ప్యాంట్లు, దుబాయి గదిలో సూది దారం

దుబాయి జబల్ అలీ గోదాముల్లో పనిచేసేటోళ్లకు పొట్ట ఎక్కడినుంచి వస్తదంటే, కరక్ చాయ్ నుంచి వస్తది. డబ్బా పాలు, యాలకులు, లెక్కలేని చక్కెర. షిఫ్టు ఎక్కే ముందు ఒకటి, బ్రేకుల ఒకటి, దిగినాక దోస్తుగాడు ఇప్పించేది ఇంకోటి. 2017 అక్టోబరులో ఇక్కడి సర్కారు గ్యాసు కూల్‌డ్రింకుల మీద 50 శాతం, ఎనర్జీ డ్రింకుల మీద 100 శాతం పన్ను వేసింది. మా క్యాంపుల చానా మంది పెప్సీ తగ్గించి చాయ్ పెంచిన్రు. దాని మీద మెస్సు అన్నం, అదీ రాశి పోసినట్టు. ఫోర్క్‌లిఫ్ట్ మీద కూచోని తిరిగే పనాయె, ఒళ్లు వంగేదేమన్న ఉంటదా?

కంపెనీ మెడికల్‌ల మూడు నెలల షుగర్ పరీక్ష, అదే హెచ్‌బిఏ1సి, 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ గడప మీద నిలబడ్డట్టు, 6.5 అయితే లోపలికి అడుగు పెట్టినట్టు. క్లినిక్‌ల మలయాళీ డాక్టరమ్మ ఇదే సంగతి హిందీల చెప్పి, "గోలీలు ఇప్పుడే వద్దు, ముందు పొట్ట తగ్గించు" అన్నది. తగ్గించిన. చాయ్‌ల చక్కెర బంద్, రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె. జొన్నపిండి ఇక్కడి ఇండియన్ సూపర్ మార్కెట్లల్ల దొరుకుతది, రొట్టె తట్టుడే గ్యాసు పొయ్యి మీద తిప్పల. రాత్రి క్యాంపు చుట్టూ నడక. ఇదంతా అందరికీ తెలిసిన కథే. నేను చెప్పాలనుకున్నది తర్వాత మొదలైన పంచాది గురించి.

నడుము 38 నుంచి దిగుతుంటే ప్యాంటు బెల్టు కింద కుచ్చిళ్లు పడుతుంటది. బెల్టుకు మొలతోని కొత్త బెజ్జాలు కొట్టిన. బెల్టు బిగిసింది గాని ప్యాంటు వెనకాల సంచిలెక్క యేలాడబట్టె. యూనిఫారం అయితే ఇంకా అన్యాయం. కంపెనీ ఇచ్చే జతలు లెక్కగా ఇస్తరు, సైజు మారిందంటే స్టోర్ కీపర్ "వచ్చేసారి ఇండెంట్‌ల రాస్త" అంటడు. ఇటు సేఫ్టీ సూపర్‌వైజర్ ఊరుకోడు. కన్వేయర్ పక్కన, తిరిగే రోలర్ల దగ్గర వదులు బట్ట ప్రమాదమే, ఆయన మాట నిజమే. దుబాయిల సత్వా అనే ఏరియాల దర్జీ దుకాణాలు వరసగా ఉంటయి. ఒక ప్యాంటు నడుం తగ్గియ్యనీకె ఇరవై దిర్హాములు చెప్పిన్రు. మన లెక్కల నాలుగు వందల యాభై రూపాయల పైమాటే. అన్ని ప్యాంట్లు, అంగీలు ఇచ్చి, మళ్ల ఇంకో రెండించులు తగ్గినంక మళ్ల ఇస్తే? కొత్తయి కొన్నట్టే అయితది.

దర్జీ ఖర్చు ఒక్కటే అయితే ఏదో ఒకటి చేసి బెల్టుతోనే ఎల్లదీసేటోన్ని. సూది పట్టిచ్చింది మా అమ్మ.

ఇక్కడ వాట్సాప్‌ల వీడియో కాల్ కలవదు, బోటిమ్ అనే ఆప్‌ల మాట్లాడుకుంటం. ఒక ఆదివారం ఫోన్ల నన్ను చూసి అమ్మ పలకరింపు కూడ మరిచింది.

"అంగి గట్ల యేలాడుతుందేంరా? ఆడ తిండి పెడుతలేరా?"

"డాక్టరే తగ్గమన్నదమ్మా. మంచిగనే ఉన్న."

"డాక్టర్లకేం, అంటరు. నువ్వు అబద్ధం చెప్తున్నవ్. మీ నాయిన గూడ గిట్లనే చెప్పేటోడు."

నాయిన పేరు ఎత్తినంక ఇంక నేనేమంట? మాది కోస్గి దగ్గరి పల్లె. 2019 నుంచి నారాయణపేట జిల్లా, మా నోట్లె మాత్రం ఇంకా పాలమూరే. పాలమూరు లేబర్ అంటే దేశమంతా ఎరికే. నాగార్జునసాగర్, శ్రీశైలం కట్టల మీద మట్టి మోసినోళ్లల్ల మావోళ్లెంతమందో. గుంపు మేస్త్రీ దగ్గర బయానా, అదే అడ్వాన్సు, తీసుకుని, పంట చేతికొచ్చినా రాకున్నా పోవుడే. మహబూబ్‌నగర్ నుంచి బొంబాయికి ఆర్టీసీ బస్సే నడిచేదంటే ఎంతమంది పోయేటోళ్లో అర్థం చేసుకోవచ్చు. వానలు పడేటాళ్లకు తిరిగొచ్చేటోళ్లు. వచ్చిన మనిషి ఎంత తెచ్చిండో అడగకముందే ఎంత చిక్కిండో చూసేది ఊరు. నాయిన కాలువ పనినుంచి వచ్చినప్పుడు పోయేనాడు తొడిగిన అంగీలనే వచ్చేటోడు, కాని ఆ అంగీల ఇద్దరు పట్టేటట్టు ఉండేది. అమ్మ దాన్ని మరవలేదు. ఎడారి దేశంల కొడుకు అంగి వదులైందంటే ఆమె కండ్లకు కనపడేది అదే. హెచ్‌బిఏ1సి గురించి ఎంత చెప్తే మాత్రం ఎక్కుతది?

అంగి ఒంటికి సరిగ్గా కూచుంటే మనిషి మంచిగున్నట్టు. సెలవు మీద ఇంటికి పోయేలోపల బట్టలన్నీ ఒంటికి తేవాలె అనుకున్న.

మా గదిల మెట్‌పల్లి అన్న ఒకాయన ఉన్నడు. ఇప్పుడు ప్యాకింగ్‌ల చేస్తడు గాని ఊర్ల దర్జీ పని చేసి వచ్చిండు. మిషను లేదు, అడిగితే "మిషనెందుకురా, చేతికుట్టు విప్పుకోనీకె అల్కగుంటది" అన్నడు. ఆయన మొదట చెప్పిన మాట కత్తెర దాచిపెట్టుమని. ఒళ్లు తగ్గుతున్నన్ని రోజులు బట్ట కోయొద్దు. ఎంత మిగిలితే అంత లోపలికి మడిచి కుట్టాలె. ఒళ్లు మళ్ల వచ్చినా, ఇంకా తగ్గినా బ్లేడుతోని కుట్టు విప్పి సరిచేసుకోవచ్చు. ఇది నాకు కొత్తేమీ కాదు. బడికి నిక్కర్లు కుట్టిచ్చేటప్పుడు అమ్మ దర్జీతోని "ఇంకో రెండేండ్లు రావాలె" అని చెప్పి అంచు లోపల ఇంత మడత పెట్టిచ్చేది. జూన్ల బడి తెరిచేముందు ఆ మడత విప్పితే, వెలిసిన నిక్కరుకు అడుగున ముదురు నీలం పట్టీ ఒకటి కొట్టొచ్చినట్టు కనపడేది. సగం క్లాసు నిక్కర్లకు ఆ పట్టీ ఉండేది గనుక ఎవడూ ఎవన్నీ ఎక్కిరియ్యలె.

కుట్టిచ్చిన ప్యాంటు అయితే పని సులువు. దర్జీలు వెనక మధ్య కుట్టుల, నడుము పట్టీల కూడ, ఎగస్ట్రా బట్ట వదిలే కుడుతరు. అక్కడనే తగ్గియ్యాలె. ముందు వెనకాల ఉన్న బెల్టు లూపును బ్లేడు కొసతోని విప్పాలె, నడుము పట్టీ లోపలి కుట్టును రెండు మూడించులు తెరవాలె. తర్వాత ప్యాంటు తిరగేసి తొడుక్కోవాలె. ఒక్కనితోని కాదు, వెనకాల పిన్నీసులు పెట్టనీకె ఇంకొకడు కావాలె. మా గదిల ఈ పని చేసేటప్పుడు నవ్వులు ఆగకపోయేది. పిన్నీసులు పెట్టిన జాగల సబ్బు అరిగిన ముక్కతోని గీత గీయాలె. సుద్ద కన్నా అది మంచిగ పడుతది, ఉతికితే పోతది. గీత పైన నడుము దగ్గర వెడల్పుగా ఉండి, కిందికి పోయే కొద్దీ సన్నగై పాత కుట్టుల కలిసిపోవాలె. ఠపీమని ఆగిపోతే అక్కడ బట్ట ముడత పడుతది.

ఆ గీత మీద మొదట పెద్ద పెద్ద పోగులతోని కచ్చా కుట్టు. తొడుక్కోని నిలబడి చూస్తే చాలదు, కింద కూచోని చూడాలె. మేము గదిల పేపరు పరుచుకుని నేల మీద కూచోనే తింటం. నిలబడ్డప్పుడు సక్కగున్న ప్యాంటు కూచుంటే పటక్కుమన్నదంటే, కచ్చా కుట్టు గనుక సరిపాయె. అంతా బాగుంటే అప్పుడు రెండు పోగుల దారంతోని, ప్రతి పోటుకూ సగం వెనక్కి వచ్చి ముందుకు పోయే గట్టి కుట్టు వేయాలె. సీటు దగ్గర లాగుడు ఎక్కువ, అక్కడ రెండు వరసలు. పూర్తయినంక లోపలి మడతను రెండు దిక్కులకూ తెరిచి ఇస్త్రీ చెయ్యాలె. ఈ ఇస్త్రీ ఎగ్గొడితే ఎంత బాగ కుట్టినా బయటికి ఉబ్బుగ కనపడుతది. చివరికి నడుము పట్టీకి హెమ్మింగ్, లూపు మళ్ల దాని జాగల.

వెనక కుట్టుల ఎంత తగ్గియ్యొచ్చంటే, రెండించులు. అది దాటితే వెనక జేబులు రెండూ ఒకదాని దగ్గరికి ఒకటి జరిగి, ప్యాంటు చూడనీకె వికారంగ అయితది. 38 నుంచి 36కు వెనక తగ్గించిన, 36 నుంచి 34కు పక్క కుట్లు పట్టుకున్న. పక్క కుట్లల్ల జేబులుంటయి, అది ఓపిక పని. అందుకే అరించు తగ్గినప్పుడల్ల విప్పుడు కుట్టుడు పెట్టుకోవద్దు. బెల్టు ఉన్నదే అందుకు. రెండించులు తగ్గేదాక ఆగాలె.

యూనిఫారం ప్యాంట్లకు మోకాళ్ల కింద మెరిసే పట్టీలు ఉంటయి. వాటి మీద సూది పెట్టొద్దు, మడతల దాచొద్దు. రాత్రి యార్డుల లారీ డ్రైవర్‌కు కనపడేది అవే. జీన్స్‌కు నడుము పట్టీ ఒకటే ముక్క, బట్ట మందం. దానికి మెట్‌పల్లి అన్న దొడ్డిదారి చూపిండు. పట్టీ లోపలి పొరకు మాత్రమే, వెనక రెండు దిక్కుల చిన్న గాట్లు పెట్టి, పిన్నీసుకు ఎలాస్టిక్ గుచ్చి లోపలినుంచి దూర్చి, లాగి, రెండు కొసలూ గట్టిగ కుట్టేసుడు. బయటికి ఏమీ కనపడదు, నడుము తగ్గుతున్న కొద్దీ ఎలాస్టికే దగ్గరికి గుంజుకుంటది. కత్తెర పెట్టకుమన్న మనిషే గాట్లు పెట్టమన్నడేందని అడిగితే "గది కోసుడు గాదు, తొవ్వ చేసుడు" అన్నడు. జీన్స్‌కు సన్న సూది పనికిరాదు, దొడ్డు సూది కావాలె, వేలికి ఇనుప టోపీ గూడ. ఎలాస్టిక్, సూదులు, దారాలు అన్నీ కలిపినా ఒక్క ప్యాంటుకు సత్వాల అడిగినంత కాలె.

అంగీలకు రెండు తొవ్వలున్నయి. వీపు మీద నిలువుగా రెండు డార్ట్‌లు, అంటే లోపలికి మడిచి కుట్టే మడతలు, పట్టుడు అల్కటిది. ఒక్కో డార్ట్ మడత అరించు లోతుంటే ఒక్కోదానికి ఇంచు బట్ట పోతది, రెండింటికి రెండించులు. పైన, కింద సన్నగ సూది మొనలెక్క ముగియాలె. ఇంకా ఎక్కువ తగ్గాలంటే పక్క కుట్టు పట్టాలె. అప్పుడు చంక దగ్గర ఆగకుండ చేతి కింది కుట్టు దాక ఒకటే గీతగా పోవాలె, లేకుంటే చెయ్యి లేపితే అంగి మొత్తం పైకి లేస్తది. పాత కుట్టు విప్పే పనే లేదు, లోపలినుంచి కొత్త వరస వేస్తే చాలు.

భుజాలు దిగిపోయిన అంగీల జోలికి పోవద్దు. భుజం కుట్టు మోచేతి దిక్కు జారిందంటే చెయ్యంతా విప్పి మళ్ల ఎక్కియ్యాలె, అది మిషనున్న దర్జీ పని. అట్లాంటివి రెండు పక్కమంచం బీహారు తమ్మునికి ఇచ్చిన, వానికి సరిగ్గ పట్టినయ్. లుంగీకి మాత్రం ఏ తిప్పలా లేదు. మనిషి ఎంతున్నా అంతే, కొంగు ఇంకో చుట్టు తిరుగుతది.

ఈ సంగతి కారిడార్ల తెలిసినంక నా దగ్గరికి ప్యాంట్లు రాబట్టినయ్. రంజాన్ నెలల ఉపాసాలతోని తగ్గిన పెషావర్ ఖాన్ భాయ్, కొత్తగ వచ్చి ఇంటి రంధితోని తగ్గిన నిర్మల్ పిల్లగాడు. వాని ప్యాంటు పిన్నీసులు పెడుతుంటే వద్దన్నా అమ్మ మాట యాదికొచ్చింది. నడుం తగ్గిచ్చుడు ఆపి, ముందు తిండి తినమని చెప్పిన. ఏమీ చెయ్యకుండనే బరువు పోతుంటే, దాహం ఎక్కువై మూత్రానికి మాటిమాటికి లేస్తుంటే సూది పట్టుకునేముందు డాక్టరు దగ్గరికి పోవాలె. అది షుగర్ ముదిరిన గుర్తు కావొచ్చు.

సెలవు దొరికి శంషాబాద్‌ల దిగి, జడ్చర్ల, మహబూబ్‌నగర్ మీదుగా ఇల్లు చేరేవరకు పొద్దుగూకింది. ఒంటికి అతికినట్టున్న అంగి, 34 నడుం ప్యాంటు. అమ్మ ఎగాదిగా చూసి ఏమీ అనలె. ఆ రోజు చిక్కినవన్న మాట ఆమె నోట రాలె, నాకు అదే చాలు. తెల్లారి బట్టలు పిండుతుంటే ప్యాంటు తిరగేసి చూసింది.

"గింత బట్ట లోపల దాచిపెట్టినవేందిరా?"

"మళ్ల లావైతే విప్పనీకె."

"అయితే ఇంక విప్పే పనే," అని కోడికి గింజలు జల్లింది. అన్నట్టే, ఆదివారం ఆ కోడి గిన్నెల ఉన్నది, పక్కకు జొన్నరొట్టెలు. నాలుగో రొట్టె వద్దన్న. వేసింది.